దొరికిన వస్తువులతో ఆధ్యాత్మిక చిత్రం: కాన్వాసా చెక్కా, జెల్లా ఎపాక్సీనా, బంగారు రేకా మైకా రంగా?

తుప్పు పట్టిన తాళంచెవి, నీళ్లలో కొట్టుకొచ్చిన చెక్క ముక్క, పాత గడియారంలోంచి ఊడిన పళ్ల చక్రం, ఎండి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకు. ఇలాంటివి ఏరుకొచ్చి దాచుకునే అలవాటున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వీటిని బొమ్మలోకి తేవాలనిపిస్తుంది. అందులోనూ ధ్యానం, ప్రార్థన, మరణం, వెలుగు లాంటి విషయాల మీద బొమ్మ వేయాలనుకుంటే రంగు ఒక్కటే సరిపోదనిపించడం సహజం. అక్కడి నుంచే తికమక మొదలవుతుంది. ఏ కాన్వాస్ కొనాలి, ఏ జిగురు పట్టుకుంటుంది, ఆక్రిలిక్ మంచిదా ఆయిల్ మంచిదా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు, పైగా అందరూ తమకు అలవాటైనదే గొప్పదంటారు.

నా లెక్క వేరు. ముందు రంగుల షాపుకి వెళ్లకండి. వస్తువుని చేతిలోకి తీసుకుని మూడు సంగతులు చూడండి: ఎంత బరువుంది, తడి తగిలితే ఏమవుతుంది, వంచితే వంగుతుందా విరుగుతుందా. ఈ మూడూ తేలితే దేని మీద వేయాలి, దేంతో అతికించాలి, ఏ రంగు వాడాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. మనలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తాం. పెద్ద కాన్వాస్ కొంటాం, నేపథ్యం అందంగా వేసుకుంటాం, ఆ తర్వాత అరకిలో ఇనుప ముక్కని దాని మీద ఎలా నిలబెట్టాలా అని తల పట్టుకుంటాం.

ఎంత లోతు కావాలి

మొదటి ఎంపిక ఇదే. చదునైన కోలాజ్, ఉబ్బెత్తు ప్యానెల్, అద్దం ఉన్న పెట్టె. ఈ మూడింటిలో ఒకటి.

చదునైన కోలాజ్ అంటే కాగితం, గుడ్డ, దారం, ఆకు, పలుచని లోహపు రేకు లాంటివి అతికించి వాటి మీదా చుట్టూ రంగు వేయడం. ఖర్చు తక్కువ, బరువుండదు, మామూలు ఫ్రేములో పెట్టుకోవచ్చు, తప్పు జరిగితే మీద ఇంకో పొర వేసేయొచ్చు. పొరల మీద పొరలు వేసి, మళ్లీ గీకి కింద ఉన్నది కొంచెం కనిపించేలా చేయడం ఈ పద్ధతికే చెల్లింది. జ్ఞాపకం, కాలం, మరుగున పడినది తిరిగి బయటపడటం లాంటి విషయాలకు ఇది అతికినట్టు సరిపోతుంది. లోపం ఏంటంటే వస్తువు వస్తువుగా మిగలదు, చిత్రంలో ఒక ఆకృతిగా కలిసిపోతుంది.

ఉబ్బెత్తు ప్యానెల్‌లో గట్టి చెక్క మీద రెండు మూడు సెంటీమీటర్ల మందం దాకా ఉండే తాళంచెవులు, మేకులు, పింగాణీ పెంకులు, చెక్క ముక్కలు బిగిస్తారు. వస్తువుకి సొంత నీడ పడుతుంది. అదే సమయంలో కుంచె పెట్టి పని చేయడానికి కావలసినంత చదును కూడా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చిత్రకళ, వస్తువు రెండూ సమానంగా మాట్లాడే చోటు ఇదొక్కటే.

పెట్టె సంగతి వేరు. ఐదు నుంచి పది సెంటీమీటర్ల లోతున్న పెట్టెలో వస్తువులు అమర్చి ముందు అద్దం బిగిస్తారు. అమెరికన్ కళాకారుడు జోసెఫ్ కార్నెల్ 1930ల నుంచి 1972లో చనిపోయేదాకా ఇలాంటి పెట్టెలే చేశాడు. 1967లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఆయన పెట్టెలు చూశాకే అమెరికన్ కళాకారిణి బెట్యే సార్ తన పని దిశ మార్చుకుంది, పూర్వీకుల నమ్మకాలూ తాంత్రిక గుర్తులూ నిండిన ఆమె అసెంబ్లేజ్‌లు (వస్తువులు కూర్చి చేసిన కళారూపాలు) ఆ తర్వాత వచ్చినవే. ఈక, పిచ్చుక గూడు, ఎండిన పువ్వు లాంటివి వాడాలనుకుంటే పెట్టె తప్ప గత్యంతరం లేదు, ఎందుకంటే వాటి మీద పడిన దుమ్ముని తుడవడం ఎవరి వల్లా కాదు. పెట్టె విషయంలో ఒక జాగ్రత్త మాత్రం చాలామందికి తెలియదు. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక), ఓక్ లాంటి చెక్కలు మెల్లగా ఆమ్లపు ఆవిరి వదులుతాయి. మూసిన పెట్టెలో ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు కాబట్టి గవ్వల మీద తెల్లటి బూజులాంటి ఉప్పు పేరుకుంటుంది, సీసపు ముక్కలు పొడిబారిపోతాయి. మ్యూజియం బీరువాల్లో గవ్వల సేకరణలు ఇలా పాడైన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి లోపలి గోడలకు ఆమ్లం లేని అట్ట వేయండి, లేదా ఆవిరిని ఆపే లోహపు ఫాయిల్ పొర అతికించండి.

రూపమా, గుర్తా, ఏదీ లేకుండానా

ఇది అభిరుచికి సంబంధించినదే అయినా వస్తువుల ఎంపిక దీని మీదే ఆధారపడుతుంది.

దైవ రూపమో, ధ్యానంలో ఉన్న ముఖమో వేస్తే చూసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కానీ వస్తువులు నగల్లా మారిపోయే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. ముఖం చుట్టూ పూసలు, బొత్తాలు, గవ్వలు దట్టించిన బొమ్మలు చూసే ఉంటారు, అందంగానే ఉంటాయి, అంతకు మించి ఏమీ చెప్పవు. రూపం వేయాలనుకుంటే నేను పాటించే షరతు ఒకటుంది: వస్తువు ఏదో ఒక భాగం స్థానంలోకి రావాలి. తల వెనక కాంతివలయం గీసి దాని చుట్టూ గడియారపు చక్రాలు అంటించడం ఒకటి, ఆ చక్రమే కాంతివలయం కావడం ఒకటి. రెండోదాంట్లో కాలం గురించి ఒక మాట చెప్పినట్టు అవుతుంది.

ద్వారం, మెట్టు, నిచ్చెన, వృత్తం, చేయి, పడవ లాంటి గుర్తులతో వెళితే దొరికిన వస్తువులు బాగా పలుకుతాయి. తాళంచెవిని చూడగానే మూసి ఉన్నది ఏదో మనసుకి తడుతుంది. అందుకే తాళంచెవి పెట్టినప్పుడు పక్కనే తలుపు బొమ్మ కూడా గీయకండి, ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టుంటుంది. తాళంచెవి వెనక ఏమీ లేని లేత రంగు వదిలేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మూడోది పూర్తి అమూర్తం. స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906 నుంచి 1915 దాకా ఒక ఆలయం కోసమని 193 చిత్రాలు వేసింది, వాటిలో ఎక్కువ భాగం సర్పిలాలు, వృత్తాలు, జంట ఆకారాలు. ఆమె వస్తువులు అతికించలేదు. కానీ రూపం చూపకుండానే ఆధ్యాత్మిక చిత్రం ఎలా నిలబడుతుందో తెలుసుకోవాలంటే ఆ క్రమశిక్షణ చూడాలి. అమూర్తానికి వస్తువులు జత చేస్తే ఒకే జాతివి ఎంచుకోండి. అన్నీ తుప్పు మేకులే, లేదా అన్నీ నది రాళ్లే. రకరకాలవి కలిస్తే చూసేవాడు అవేమిటో గుర్తుపట్టే పనిలో పడి చిత్రాన్ని వదిలేస్తాడు.

ఎన్ని వస్తువులు అన్న ప్రశ్నకు నా జవాబు చాలామందికి నచ్చదు. ముఖ్యమైనది ఒకటి, దానికి తోడు ఇంకోటి, చాలు. కనీసం మూడో వంతు స్థలం ఖాళీగా ఉండాలి. దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఉదాహరణ ఉందని ఒప్పుకుంటాను. వాషింగ్టన్‌లో క్లీనర్‌గా పనిచేసిన జేమ్స్ హాంప్టన్ అద్దెకు తీసుకున్న గ్యారేజీలో 1950 ప్రాంతం నుంచి 1964లో చనిపోయేదాకా పాత కుర్చీలు, బల్బులు, అట్టముక్కలు, గాజు సీసాలకు వెండి, బంగారు రంగు ఫాయిల్ చుట్టి దాదాపు 180 భాగాలున్న ఒక దివ్య సింహాసనాన్ని కట్టాడు. ఇప్పుడది స్మిత్సోనియన్ వారి అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. అక్కడ ఖాళీ అన్నదే లేదు. అయినా ఆ గుంపు నిలబడటానికి కారణం రెండు విషయాలు: అంతటా ఒకే పదార్థపు తొడుగు, కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు ఉండటం. ఎక్కువ వస్తువులు పెట్టి తీరాలనుకుంటే ఈ రెండింటినీ పట్టుకోండి.

పవిత్ర గ్రంథాల పుటలు చించి అతికించడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరికైనా అది గాయం చేసే పని అయితే అసలు పుట అక్కర్లేదు, నకలు తీసి వాడితే చూపుకి తేడా ఉండదు, పైగా నకలు కాగితాన్ని మనం ఎంచుకోవచ్చు. లేజర్ ప్రింట్ తీయండి, తడి తగిలినా చెదరదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింట్లు చాలావరకు ఆక్రిలిక్ జెల్ (జిగురుగా వాడే చిక్కటి మీడియం) తగలగానే కారిపోతాయి. పూజలో వాడిన వస్తువులు, సమాధుల దగ్గర దొరికినవి, వేరే సముదాయం పవిత్రంగా భావించే గుర్తులు కనిపిస్తే, ఇది నాకు దొరికిందా లేక ఎవరో వదిలి వెళ్లిందా అని ఒకసారి ఆలోచించి తీసుకోండి. అడవి పక్షుల ఈకలు కింద పడినవైనా సరే దగ్గర ఉంచుకోకూడదనే చట్టాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. పెంపుడు కోడి, బాతు ఈకలతో ఆ గొడవ లేదు.

కాన్వాసా, చెక్కా, మందపాటి కాగితమా

సాగదీసి కట్టిన కాన్వాస్ తేమకు వదులవుతుంది, ఆరితే బిగుస్తుంది. గుడ్డ కదులుతుంది, దాని మీది రాయి కదలదు, ఆ రెంటి మధ్య ఉన్న జిగురు రోజూ నలుగుతూ ఉంటుంది. అందుకే కాన్వాస్ మీద కాగితం, గుడ్డ, దారం, చిన్న పూసల దాకా సరే. అంతకు మించితే వద్దు. కాన్వాసే కావాలంటే చెక్క ప్యానెల్‌కి అతికించిన కాన్వాస్ తీసుకోండి, నేత కనిపిస్తుంది, ఊగదు.

చెక్కలో ప్లైవుడ్ నా మొదటి ఎంపిక. ఆరు మిల్లీమీటర్ల మందం, వెనక చుట్టూ చట్రం కొట్టి ఉంటే బరువు మోస్తుంది, వంకర పోదు. ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది, చవక, కానీ బరువు, అంచులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, స్క్రూ అంచుకి దగ్గరగా వేస్తే చీలుతుంది. ఏ చెక్కైనా ముందూ వెనకా అంచులూ అన్నిటికీ పూత పడాలి. ఒకవైపే పూస్తే తేమ రెండోవైపు నుంచి ఎక్కి ప్యానెల్ విల్లులా వంగుతుంది.

జెస్సో, అంటే రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగు పూత, వేసేముందు చెక్కకు ఆక్రిలిక్ మీడియం (రంగు కలపని ఆక్రిలిక్) రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. చెక్కలోని గోధుమరంగు పదార్థాలు తడి ఆక్రిలిక్ ద్వారా పైకి లాగబడి, పారదర్శకంగా ఉండాల్సిన జెల్ పొరలు పసుపు తిరుగుతాయి. తెల్లటి ఖాళీ మీదే మీ చిత్రం నిలబడి ఉంటే ఇది చిన్న విషయం కాదు.

మందపాటి వాటర్‌కలర్ కాగితం, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) లేదా అంతకు మించినది, చదునైన కోలాజ్‌కి హాయిగా ఉంటుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

జిగురు, అసలు పరీక్ష ఇక్కడే

ఊడిపోయిన పనుల్లో చాలా వాటికి కారణం చవక జిగురు అనుకుంటారు, నిజానికి తప్పు జిగురు. నీళ్లతో చేసిన జిగురు ఆరాలంటే నీరు ఎటో ఒకవైపు బయటికి పోవాలి. కాగితం, గుడ్డ, చెక్క అయితే పీల్చుకుంటాయి. నున్నటి లోహాన్ని పూత వేసిన ప్యానెల్ మీద అతికిస్తే మధ్యలో చిక్కిన తడికి దారి ఉండదు, అంచుల్లో ఆరి గట్టిపడుతుంది, లోపల వారాల తరబడి మెత్తగానే ఉండిపోతుంది.

ఈ లెక్కన తెల్ల పీవీఏ జిగురు కాగితానికీ చెక్కకీ బాగుంటుంది. ఆక్రిలిక్ జెల్ మీడియం దానికన్నా ఒక మెట్టు పైన, ఎందుకంటే అదే రంగు పొడిని పట్టి ఉంచే బైండర్ కూడా, ఆరాక వంగుతుంది, మీద రంగు పడుతుంది, పసుపు తిరగదు. పలుచని కాగితానికి సాఫ్ట్ జెల్, గుడ్డకీ ఆకుకీ రెగ్యులర్, గవ్వలు, చిన్న చెక్క ముక్కలు, పెంకులకు హెవీ జెల్. మాట్ జెల్‌లో మసక కొంచెం ఉంటుంది, కాబట్టి ముదురు రంగుల మీద గ్లాసీ (మెరిసే) రకం వాడి, మెరుపు వద్దనుకుంటే చివర్లో మాట్ వార్నిష్‌తో తగ్గించుకోండి. ఉబ్బెత్తు ఆకృతులు చేసే చిక్కటి ముద్ద, మోడలింగ్ పేస్ట్‌ని జిగురులా వాడొచ్చా అని అడుగుతుంటారు. బరువు తక్కువ ఉన్నదాన్ని అందులో సగం కూరుకుపోయేలా నొక్కితే పట్టుకుంటుంది, మందంగా ఒకేసారి వేస్తే మాత్రం పగుళ్లిస్తుంది.

లోహం, రాయి, గాజు, పింగాణీకి రెండు భాగాలు కలిపే ఎపాక్సీ. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కన్నా నెమ్మదిగా గట్టిపడేదే సాధారణంగా బలంగా పడుతుంది. వస్తువు వెనకవైపూ ప్యానెల్ మీదా గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్ది, దుమ్ము తుడిచి, ప్యానెల్ పడుకోబెట్టి అతికించాలి. ఎండలో ఎపాక్సీ పసుపు తిరుగుతుంది కాబట్టి వస్తువు అంచు దాటి బయటికి రానివ్వకండి. చేతి తొడుగులు తప్పనిసరి, ఎపాక్సీ చర్మానికి పడని గుణం ఒకసారి మొదలైతే పోదు.

హాట్ గ్లూ తాత్కాలికంగా పట్టి ఉంచడానికే. వేడికి మెత్తబడుతుంది, చలికి పెళుసవుతుంది, నున్నటి లోహం నుంచి ఒక్క ముక్కగా ఊడొస్తుంది. సూపర్ గ్లూ కూడా పెళుసే, పైగా చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వదులుతుంది. సిలికాన్ మీద ఏ రంగూ నిలవదు, వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తినేస్తుంది.

అన్నిటికన్నా నమ్మదగింది జిగురు కాదు, తీగ. అరచేతిలో పట్టే పెద్ద తాళంచెవి ఉందనుకుందాం. దాన్ని ప్యానెల్ మీద అనుకున్న చోట పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. కాడకు రెండు వైపులా, పైన ఒక జత, కింద ఒక జత, ఒక మిల్లీమీటర్ రంధ్రాలు వేయండి. నేపథ్యం రంగంతా పూర్తి చేసి ఆరాక రాగి తీగని ముందు నుంచి దూర్చి కాడ మీదుగా వెనక్కి లాగి, పట్టుకారుతో నాలుగైదు మెలికలు తిప్పి, మొనని చెక్కలోకి వంచేయండి. తీగ ముందు కనిపిస్తుంది, కనిపించనివ్వండి, కట్టి ఉంచడం కూడా ఒక అర్థమే. దాచాలనుకుంటే తీగ పైన రంగు తాకించొచ్చు. జిగురు అవసరం ఉండదు, రేపు తీసి మార్చాలన్నా మార్చుకోవచ్చు. వంద గ్రాములు దాటిన ప్రతి వస్తువుకీ జిగురు ఉన్నా లేకున్నా ఇలాంటి తీగో, వెనక నుంచి స్క్రూనో ఉండాలన్నది నా గీత.

వస్తువుని సిద్ధం చేయడం

ఉప్పునీళ్లలోంచి వచ్చిన చెక్క, గవ్వలు ఉప్పుని మోసుకొస్తాయి, ఆ ఉప్పు గాలిలోని తేమని లాగి జిగురుని వదులు చేస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, తర్వాత నీడలో బాగా ఆరబెట్టాలి. గవ్వల్ని వెనిగర్‌తో మాత్రం కడగకండి, అది గవ్వనే కరిగిస్తుంది. చెక్క, ఈక, గూడు, ఉన్ని లాంటి వాటిలో పురుగులుంటాయన్న అనుమానం ఉంటే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

తుప్పు విషయంలో రెండు దారులు. తుప్పు మరక చుట్టుపక్కలకు పాకడం మీకు కావాలనుకుంటే ఏమీ చేయకండి, తడి ఆక్రిలిక్ తగిలితే అదే నారింజ రంగుని వదులుతుంది, కొందరు గుడ్డకు తుప్పు అద్దకం కోసమే ఇలా చేస్తారు. పాకకూడదు అనుకుంటే ఊడిపోయే పొట్టుని తీగ బ్రష్‌తో దులిపి, నీళ్లు లేని స్పిరిట్ వార్నిష్ లేదా మైనం పూయండి. టానిక్ ఆమ్లం (tannic acid) ఉన్న రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని మార్చే ద్రావణం, కూడా పనిచేస్తుంది, కాకపోతే ఆ ఎర్రమట్టి రంగు పోయి నీలి నలుపు వస్తుంది. ఆ ఎరుపు కోసమే ఏరుకొచ్చి ఉంటే అది నష్టమే.

పాత రంగు పెచ్చులూడుతున్న కిటికీ చెక్కలు చూడటానికి ఎంత బాగున్నా, పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గరుకు కాగితం పెట్టకండి. అంతగా కావాలంటే తడిగుడ్డతో తుడిచి, పెచ్చుల్ని జెల్ కింద పాతిపెట్టండి. న్యూస్‌పేపర్ ఎలాగూ పసుపు తిరుగుతుంది. అది ఇష్టమైతే వాడండి, లేకపోతే నకలే. పచ్చటి ఆకు కూడా ఎన్నాళ్లో పచ్చగా ఉండదు.

ఆక్రిలిక్, ఆయిల్, మైనం

ఆక్రిలిక్ దాదాపు అన్నిటితో కలిసిపోతుంది, అదే జిగురు, అదే రంగు, అదే పూత. వేగంగా ఆరడం వల్ల ఒకే పూటలో ఐదారు పొరలు వేయొచ్చు. కొత్తవాళ్లకు వేరే మాట చెప్పను.

ఆయిల్ రంగుకి ఉన్న లోతు, ముఖాల మీద అది తెచ్చే మెత్తదనం ఆక్రిలిక్‌కి రావడం కష్టం. రెండూ కలపాలంటే ఒకే నియమం: ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ వేస్తే పొరగా లేచిపోతుంది. కాబట్టి అతికించే పనంతా ఆక్రిలిక్‌తో ముగించి, కాగితం, గుడ్డ ఉన్న చోట్ల జెల్ పూత పూర్తిగా కప్పి, ఆ తర్వాత ఆయిల్. పూత లేని కాగితానికి నేరుగా నూనె తగిలితే కొన్నేళ్లకు అది పెళుసుబారుతుంది.

మైనంతో పని, ఎన్‌కాస్టిక్, ఈ విషయానికి పుట్టిందా అన్నట్టు ఉంటుంది. సినాయ్‌లోని సెయింట్ కేథరిన్ మఠంలో ఉన్న ఆరో శతాబ్దపు క్రీస్తు చిత్రం మైనంతో వేసిందే. తేనెమైనంలో కొంచెం డామర్ రెసిన్ (ఒక చెట్టు బంక) కరిగించి, రంగు కలిపి, వేడిగా పూసి, ప్రతి పొరనీ హీట్ గన్‌తో కింది పొరకి అతుక్కునేలా కరిగిస్తారు. ఆకుని, దారాన్ని, పలుచని కాగితాన్ని లోపల పెడితే మంచు వెనక ఉన్నట్టు కనిపిస్తాయి. అయితే దీనికి వేడిని కొలిచే ప్లేటు కావాలి, 93 డిగ్రీలు దాటనివ్వకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. కింద చెక్క ఉండాలి, అదీ పీల్చుకునే చెక్క. మామూలు ఆక్రిలిక్ జెస్సో మీద మైనం పట్టుకోదు. ఎండ పడే గోడకూ, వేసవిలో మూసిన కారులో ప్రయాణానికీ ఇది తగదు. ఆక్రిలిక్‌లో చెయ్యి తిరిగాక, ఒక్కటే చిన్న ప్యానెల్‌తో మొదలుపెట్టండి. వేడి టెన్షన్ వద్దనుకుంటే కోల్డ్ వాక్స్ అని ఆయిల్ రంగులో కలిపే మైనం ఉంది. ఆ మసక మెరుపు కొంత వస్తుంది, పారదర్శకత అంత రాదు.

బంగారం కావాలంటే

ఆధ్యాత్మిక చిత్రం అనగానే చెయ్యి బంగారం వైపు వెళ్తుంది. అసలు బంగారు రేకు దాదాపు 0.1 మైక్రాన్ మందం, వేలితో ముట్టుకుంటే చేతికే అంటుకుపోతుంది, నల్లబడదు, వార్నిష్ అక్కర్లేదు. నకిలీ రేకు రాగి, జింక్ మిశ్రమం, కొంచెం మందం, పట్టుకోవడం సులువు, ధర చాలా తక్కువ. కాకపోతే పైన పూత వేయకపోతే గోధుమ, ఆకుపచ్చ మరకలు పడతాయి. మైకా (అభ్రకం)తో చేసిన ఆక్రిలిక్ బంగారు రంగు ఎప్పటికీ నల్లబడదు, కుంచెతో పూసేయొచ్చు. కానీ కదిలినప్పుడు లోహం మెరిసే తీరు దానికి లేదు, ముత్యపు మెరుపులా ఉంటుంది. ఇత్తడి పొడి కలిపిన చవక రంగులు మాత్రం వద్దు, కాలం గడిచేకొద్దీ మసకబారతాయి.

పెద్ద నేపథ్యానికి నకిలీ రేకు, అరచేతి కన్నా చిన్న చోటుకి అసలు రేకు, గరుకు వస్తువుల అంచులకి మైకా రంగు. నేనైతే ఇలా పంచుతాను. రేకు వేసే చోట ముందు ఇటుక ఎరుపు రంగు వేయండి. జిగురు పూసి, అది వేలి వెనకకు చిటుక్కుమని అంటుకునే దశకు వచ్చాక రేకు దించి, మెత్తటి కుంచెతో అద్దితే అక్కడక్కడా చీలికలు పడతాయి. వాటిలోంచి ఎరుపు కనిపించి బంగారం వెచ్చగా తోస్తుంది. తెల్లటి జెస్సో మీద అదే రేకు చల్లగా, ప్యాకింగ్ కాగితంలా ఉంటుంది. తుప్పు వస్తువు పక్కనే బంగారం పెడుతుంటే కొంచెమే పెట్టండి. చీలికలో, రంధ్రం అంచున, విరిగిన చోట.

చివరి పూత, గోడకి వేలాడదీయడం

ఉబ్బెత్తు పని మీద కుంచెతో వార్నిష్ వేస్తే మూలల్లో గుంటల్లో చేరుతుంది, మాట్ రకమైతే ఆ గుంటల్లో పాలలా తెల్లబడుతుంది. పలుచగా, రెండు మూడు విడతలుగా, వేరువేరు వైపుల నుంచి స్ప్రే చేయడమే మేలు, బయట గాలిలో, మాస్క్ పెట్టుకుని. అన్నిటికీ ఒకే మెరుపు ఉండాలని లేదు. తుప్పు ఇనుము, ఎండు చెక్క పొడిగా ఉంటేనే బాగుంటాయి. వాటిని టేప్‌తో కప్పి మిగతా చోట స్ప్రే చేయండి. మైనపు పనికి వార్నిష్ అక్కర్లేదు, మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు.

వేలాడదీసే ముందు తూకం వేయండి. మూడు కిలోల లోపైతే వెనక చట్రానికి రెండు డీ ఆకారపు రింగులు, వాటికి గోడ మీద విడివిడిగా రెండు కొక్కేలు. ఒక కొక్కెం, మధ్యలో తీగ అన్న పద్ధతిలో బరువైన వస్తువు ఒకవైపు ఉంటే బొమ్మ ఎప్పుడూ అటే వాలుతుంది. అంతకన్నా బరువైతే ఏటవాలుగా కోసిన రెండు చెక్క పట్టీలు, ఒకటి గోడకి, ఒకటి ప్యానెల్‌కి, ఒకదాని మీద ఒకటి కూర్చునేలా బిగించండి. దీపం ఎదురుగా కాకుండా పక్క నుంచో పైనుంచో పడేలా చూసుకోండి, ఎదురు వెలుగులో ఉబ్బెత్తు పనంతా చదునైపోతుంది. ఆ దీపం ఎటు నుంచి పడుతుందో వస్తువుని బిగించక ముందే తెలిస్తే ఇంకా మంచిది, పెన్సిల్ గీత గీసే రోజే ఒక టార్చ్ పట్టుకుని నీడ ఎటు పోతోందో చూసుకుని చోటు ఖాయం చేసుకోవచ్చు.